ప్రశ్న చట్టానికా, పేరుకా?

2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో మధ్యాహ్నం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. కాసేపటికే బయట చెలరేగిన గొడవలో పోలీసు కాల్పులకు ఇంకో ఐదుగురు బలయ్యారు. ఆ తర్వాత పాతబస్తీ నుంచి, చుట్టుపక్కల నుంచి పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్లను పట్టుకెళ్లారు. చచ్చిపోయింది నమాజుకు వెళ్లినవాళ్లు. అనుమానం వచ్చి పడింది వాళ్ల ఇరుగుపొరుగు పిల్లల మీద. కస్టడీలో వాళ్లను హింసించారని రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. 2012లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొందరికి 3 లక్షల చొప్పున, మరికొందరికి 20 వేల చొప్పున పరిహారమిచ్చి, నడవడిక మంచిదేనని సర్టిఫికెట్లు కూడా చేతిలో పెట్టింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. పేలుడు కేసులో తర్వాత వేరే నిందితులు వచ్చారు. 2018లో వాళ్లూ నిర్దోషులుగా బయటపడ్డారు.

అదే 2007, అదే హైదరాబాదు, ఆగస్టు 9. బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ నవల ‘శోధ్’ తెలుగు అనువాదాన్ని ప్రెస్‌క్లబ్‌లో విడుదల చేస్తున్నారు. ఎంఐఎం ఎమ్మెల్యేలు ముగ్గురు అనుచరులను వెంటబెట్టుకొని లోపలికొచ్చి, చేతికందినవన్నీ ఆమె మీదికి విసిరారు. అక్కడున్న హేతువాదులు, విలేకరులు అడ్డం నిలబడి కాపాడారు. దాడి చేసినవాళ్ల మీద కేసు పెట్టారు. విద్వేషం రేపుతోందని ఆమె మీద కూడా పెట్టారు.

ఇస్లాంను విమర్శించడం వేరు, ముస్లింలను ద్వేషించడం వేరని మాటవరసకు అందరం అంటాం. ఆ తేడా నాకు ఈ రెండు తేదీల్లో కనిపించినంత తేటగా మరెక్కడా కనిపించలేదు. మే నెలలో పేరు చూసి మనుషుల్ని పట్టుకెళ్లారు. ఆగస్టులో, మతం ఆడదాన్ని ఎలా చూస్తుందో రాసినందుకు ఒక మనిషిని కొట్టడానికి వచ్చారు. మొదటిదానికి మాత్రమే కోపం తెచ్చుకునేవాళ్లు నాకు తెలుసు. రెండోదానికి మాత్రమే తెచ్చుకునేవాళ్లూ తెలుసు. మా కోర్టు వరండాలో రెండు రకాలవాళ్లూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతారు. రెండింటికీ రగిలిపోయే మనిషి దొరకడమే కష్టం.

నేను గుంటూరులో వకీలుని. మనోవర్తి, విడాకులు, పిల్లల కస్టడీ, ఎక్కువగా నా దగ్గరికి వచ్చేవి ఇవే. నా పేరు వింటే నా మతమేదో తెలిసిపోతుంది. కాబట్టి ఏ సభలో మాట్లాడినా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: “ఇస్లాంను విమర్శిస్తే ముస్లిం వ్యతిరేకి అంటారు గదా మేడమ్, మరి మేం అసలు నోరెత్తకూడదా?” ఎత్తాలి. తప్పకుండా ఎత్తాలి. అయితే ఎత్తిన నోరు దేని మీదికి పోతుందో చూసుకోవాలి. ఇది నేను పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. నా కేసు కట్టలు నాకు నేర్పిన మాట.

నిరుడు ఒక అమ్మాయి వచ్చింది. జాకెట్లు కుడుతుంది, నాలుగేళ్ల కూతురు. వేరే ఊళ్లో పనిచేసే భర్త వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. పదకొండు సెకన్లు. అందులో మూడుసార్లు తలాక్, చివర్లో “ఇక నీకూ నాకూ సంబంధం లేదు.” ఆ అమ్మాయి నా ముందు ఫోను బల్ల మీద పెట్టి అది వినిపించింది. పక్కనే పాప వాళ్ల నాన్న గొంతు గుర్తుపట్టి ఫోను వైపు చెయ్యి చాపింది. ఆ మెసేజ్‌కి చట్టంలో విలువ లేదని, పెళ్లి పెళ్లిగానే ఉందని, మనోవర్తికి పిటిషన్ వేద్దామని చెప్పాను. పిటిషన్‌లో నివాసం అనే చోట ఏ చిరునామా రాయాలని అడిగితే తల దించుకుంది.

ఇల్లు లేదు. కుట్టుమిషన్, గిరాకీ అంతా గుంటూరులోనే. అత్తవారింటి నుంచి వచ్చేశాక అద్దె గది కోసం టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగింది. ఒకచోట ఇంటావిడ గది చూపించింది, నల్లా వచ్చే వేళ చెప్పింది, అడ్వాన్సు కూడా మాట్లాడింది. ఆఖర్న “పేరేంటమ్మా?” అంది. చెప్పింది. “మా అత్తగారికి పట్టింపులెక్కువమ్మా. మీరు మాంసం వండుతారు గదా” అంది ఆవిడ. “వండనాంటీ, కావాలంటే రాసిస్తాను” అంది ఈ పిల్ల. “అది కాదులేమ్మా, రేపేమన్నా అయితే ఎందుకొచ్చిన గొడవ.” ఆ రేపు ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, ఈ పిల్ల అడగలేదు. ఇంకో రెండు చోట్ల పేరు దగ్గరే మాట ఆగిపోయింది. చివరికి సత్తెనపల్లిలో పుట్టింటికి చేరింది. పని పోయింది. ప్రతి వాయిదాకూ పాపను చంకనేసుకొని బస్సెక్కి రావాలి.

కథ అంతటితో అయిపోతే ఇది ముస్లింల మీద వివక్ష అని ఒక్క ముక్కలో చెప్పేసేదాన్ని. కానీ ఆ అమ్మాయి కోర్టుకెళ్తోందని తెలిసి జమాత్ పెద్ద ఒకాయన ఇంటికొచ్చి ఆ పిల్లకు నచ్చజెప్పాడు: “బయటి కోర్టుకెక్కి మన పరువు తీయకు బేటీ. ఇప్పటికే మనమంటే వాళ్లకెంత కోపమో చూస్తున్నావుగా. ఒక గది కూడా ఇవ్వలేదు గదా నీకు.”

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంటావిడ తలుపు మూసింది. ఆ మూసిన తలుపునే చూపించి పెద్దాయన ఈ పిల్ల నోరు మూయించబోయాడు. నా అనుభవంలో ముస్లిం ద్వేషం ఇస్లాంలోని ఏ ఒక్క చెడ్డ ఆచారాన్నీ కదిలించలేదు, పైగా వాటికి కాపలా కాసింది. బయటినుంచి రాళ్లు పడుతున్నాయంటే లోపలున్న ఆడదాన్ని ఊరుకోమనడం తేలిక. అందుకే ఈ రెండింటినీ కలిపేసేవాళ్లంటే, వాళ్లు ఏ పక్షాన నిలబడినా సరే, నాకు పడదు.

షాబానో కేసు చదివిన ప్రతిసారీ ఇదే కనిపిస్తుంది. ఇందోరు మనిషి. 1932లో పెళ్లి, ఐదుగురు పిల్లలు, భర్త పేరున్న వకీలు. 1975లో ఆమెను ఇంట్లోంచి గెంటేశాడు. 1978లో ఆమె మనోవర్తికి కోర్టుకెక్కింది. అప్పటికామెకు అరవై దాటాయి. కేసు నడుస్తుండగానే భర్త తలాక్ చెప్పేశాడు. కింది కోర్టు నెలకు 25 రూపాయలు ఇమ్మంది. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ డబ్బు ఇవ్వడం ఇష్టం లేక భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1985 ఏప్రిల్ 23న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం షాబానో పక్షాన తీర్పు చెప్పింది. తలాక్ పొందిన ముస్లిం స్త్రీకి కూడా నేర ప్రక్రియా స్మృతి 125వ సెక్షన్ వర్తిస్తుందని తేల్చింది.

ఆ తీర్పు న్యాయమైనది, సందేహం లేదు. కానీ మొదట్లోనే 19వ శతాబ్దపు ఆంగ్ల పండితుడు ఎడ్వర్డ్ లేన్ మాటను తెచ్చి, స్త్రీని దిగజార్చడమే ఇస్లాంలోని పెద్ద లోపమన్న ఆరోపణను ప్రస్తావించారు. మనువును కూడా ఆ పక్కనే నిలబెట్టారనుకోండి. అయినా నెలకు 179 రూపాయల లెక్క తేల్చడానికి ఆ మాట అవసరమా? లేన్ మాట లేకపోయినా ముస్లిం పర్సనల్ లా బోర్డు ఊరుకునేది కాదు, ఆ విషయంలో నాకు భ్రమల్లేవు. కాకపోతే, భర్త చేసిన అన్యాయం గురించి సాగాల్సిన చర్చను మతం మీద దాడి గురించిన చర్చగా మార్చడానికి వాళ్లకు ఒక వాక్యం దొరికింది. ఊరూరా సభలు, ఊరేగింపులు. ఆ ఒత్తిడికి ఆ ముసలామె తీర్పు తనకొద్దని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తీర్పును వమ్ము చేసే చట్టం తెచ్చింది. తీర్పును సమర్థించిన ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ మంత్రి పదవి వదులుకున్నారు. షాబానో వకీలు డేనియల్ లతీఫీ మాత్రం వదల్లేదు. ఆ కొత్త చట్టాన్నే సవాలు చేశారు. 2001లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే, తలాక్ తర్వాత భార్య ఆగాల్సిన ఇద్దత్ గడువు లోపలే ఆమె భవిష్యత్తుకంతటికీ సరిపోయే ఏర్పాటు భర్త చేయాలని అర్థం చెప్పింది.

“మీ మతాన్ని మీరే ఎందుకు బాగుచేసుకోరు?” అనడిగేవాళ్లకు చెప్పాల్సింది చాలా ఉంది. ఇస్లాం న్యాయశాస్త్రంలోని హనఫీ సంప్రదాయంలో భర్త వదిలేసి పోయినా భార్యకు విడుదల దొరకడం దుర్లభమైన రోజుల్లో, పెళ్లి తెంచుకోవడానికి కొందరు ఆడవాళ్లు మతమే వదిలేశారు. అది చూసి దేవబంద్ పండితుడు అష్రఫ్ అలీ థానవీ, మాలికీ సంప్రదాయంలోంచి వెసులుబాట్లు తీసుకోవచ్చని రాశారు. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం వెనక ఆ ప్రయత్నముంది. నేను ఈనాటికీ ఆ చట్టం కింద పిటిషన్లు వేస్తాను. 1966లో హమీద్ దల్వాయి ఏడుగురు ముస్లిం స్త్రీలను వెంటబెట్టుకొని బొంబాయిలో తలాక్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. ఏడుగురే. 1970లో పుణెలో ముస్లిం సత్యశోధక మండలి పెట్టారు. నలభై నాలుగేళ్లకే పోయారు. ఆయన నాస్తికుడు, మతాన్ని మొహమాటం లేకుండా విమర్శించాడు. ఆయన్ను ముస్లిం ద్వేషి అన్నవాళ్లున్నారు. ఆ ఏడుగురు ఆడవాళ్ల పక్కన నడిచిన మనిషిని అలా అనడానికి నాకు నోరు రాదు.

2017 ఆగస్టు 22 తీర్పు సంగతి చాలామందికి తెలుసు. ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్ మనిషి షయారా బానోకు భర్త తలాక్‌ను స్పీడ్ పోస్టులో పంపాడు. ఆమె వేసిన కేసులో ఐదుగురు న్యాయమూర్తులు, ఐదు మతాలవాళ్లు, ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. మూడుసార్లు ఒక్కసారిగా చెప్పే తలాక్ చెల్లదని మెజారిటీ తీర్పు. అక్కడ ముస్లిం స్త్రీల సంఘాలు రెండు దారుల్లో వాదించాయి. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని ఒకటి, ఖురాన్‌కే విరుద్ధమని రెండోది. ఖురాన్ నాలుగో సూరాలో, భార్యాభర్తల మధ్య చెడితే ఇరువైపుల నుంచి చెరో పెద్దమనిషిని పెట్టి సర్దుబాటుకు ప్రయత్నించమని ఉంది. పదకొండు సెకన్ల మెసేజ్‌లో ఆ పెద్దమనుషులు ఎక్కడున్నారు? అదే సూరాలో, దానికి ముందు వాక్యంలో, మాట వినని భార్యను కొట్టే ప్రసక్తి కూడా ఉంది. దాని అర్థమేమిటని వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. నేను దాన్ని దాచను. బయటివాళ్లు దాన్ని ఎత్తిచూపినా తప్పుపట్టను. అది అచ్చులో ఉన్న వాక్యం, అడగాల్సిన ప్రశ్నే.

ఆ కేసులో పర్సనల్ లా బోర్డు వేసిన అఫిడవిట్‌లో, తలాక్ వెసులుబాటు లేకపోతే వదిలించుకోవడానికి భర్త భార్యను చంపేదాకా వెళ్లొచ్చన్న వాదన ఉంది. దాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా నాకు ఎక్కువనిపించదు. అది ఇస్లాం విమర్శే, ఇస్లాం పేరుతో మాట్లాడే పెద్దల విమర్శే, పూర్తిగా న్యాయమైన విమర్శ.

2019లో వచ్చిన చట్టం దగ్గర నా మాట వేరు. తలాక్ చెప్పిన భర్తకు మూడేళ్ల వరకు జైలు. ఏ మతంలోనైనా భార్యను వదిలేసి పోయే మగాళ్లున్నారు. వాళ్ల మీద మనోవర్తి కేసులు, గృహహింస కేసులు నడుస్తున్నాయి. కానీ విడిచిపెట్టే మాట అనడమే నేరమైంది ఒక్క ముస్లిం భర్తకే. చెల్లని మాటకు జైలేమిటని, లోపలున్నవాడు మనోవర్తి ఎక్కణ్నుంచి కడతాడని చాలా ముస్లిం స్త్రీల సంఘాలు అప్పుడే అడిగాయి. నా క్లయింట్లలో “వాణ్ని లోపలేయించండి మేడమ్” అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల కోపాన్ని నేను తోసిపుచ్చను. ఆ జాకెట్లు కుట్టే అమ్మాయి మాత్రం, “జైలెందుకు ఆపా, పాప ఫీజు కట్టిస్తే చాలు” అంది.

లెక్కలు చూసే అలవాటు కూడా ఈ చర్చలో చాలా పనికొస్తుంది. “వాళ్లంతా నలుగుర్ని చేసుకుంటారు” అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తమ భర్తకు ఇంకో భార్య ఉందన్న స్త్రీలు ముస్లింలలో 1.9 శాతం, హిందువుల్లో 1.3 శాతం. అంటే ఆ మాట పచ్చి అబద్ధం, అది పేరు మీద పగ. అయితే దేశంలో చాలాచోట్ల ముస్లిం మగవాడికి రెండో పెళ్లి చట్టబద్ధం, మిగతావాళ్లలో ఎక్కువమందికి నేరం అన్నది నిజం. ఆ 1.9 శాతంలో ఉన్న ఒక్క ఆడదాని కోసమైనా ఆ చట్టాన్ని నిలదీయాలి. “మదరసాల్లో చదివి అలా తయారవుతారు” అనేది ఇంకో మాట. సచార్ కమిటీ 2006లో తేల్చిందేమిటంటే, బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాకు వెళ్లేది 3 శాతమే. మిగిలినవాళ్లు అందరి పిల్లల్లాగే మామూలు బడికి పోతున్నారు, లేదా అసలు బడికే పోవడం లేదు. మదరసా సిలబస్‌ను విమర్శించండి, లెక్కలూ సైన్సూ లేకపోతే అడగండి. కాని ఆ మూడు శాతాన్ని చూపించి వందమంది ముఖాన నింద వేయకండి.

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిందీ ఇంతే. కరోనా వస్తున్న రోజుల్లో అంతమందిని ఒకచోట కూర్చోబెట్టినందుకు తబ్లీగీ జమాత్ పెద్దలను నిలదీయాల్సిందే, నేనూ నిలదీశాను. కానీ వారం తిరక్కుండా టీవీల్లో అది జిహాద్ అయింది. వీధుల్లో పండ్ల బండివాణ్ని పేరడిగి పంపించేయడమైంది. ఆ బండివాడికి ఢిల్లీ ఎటువైపుందో కూడా తెలిసి ఉండదు. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారంది. 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీద ఉన్న కేసులనూ కొట్టేసింది.

మతం మీద రాసేవాళ్లకు చట్టం ఎక్కడ గీత గీస్తుందని కూడా అడుగుతుంటారు. 1927లో, ‘రంగీలా రసూల్’ పుస్తకం మీద లాహోరులో రేగిన గొడవ తర్వాత, శిక్షాస్మృతిలో 295ఎ సెక్షన్ పుట్టింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు, మతాన్ని కించపరిచే ప్రతి మాటా నేరం కాదనీ, కావాలని, దురుద్దేశంతో చేసినదే నేరమనీ చెప్పింది. ఆచరణలో మాత్రం ఆ సెక్షన్ అన్ని మతాల పెద్దల చేతిలోనూ గదమాయించే కర్రగానే ఉంది. తస్లీమా లాంటి రచయితలు మొరటుగా రాస్తారని నాతో అనేవాళ్లున్నారు. రాయనీండి. మర్యాదగా మాట్లాడితేనే విమర్శను ఒప్పుకుంటామంటే, నా దగ్గరికొచ్చే ఆడవాళ్లలో సగంమందికి మాట్లాడే అర్హత ఉండదు. దెబ్బలు తిన్న మనిషి మర్యాద భాష వెతుక్కోదు.

బ్రిటన్‌లోనూ ఈ తగవు సాగుతోంది. 1997లో రన్నీమీడ్ ట్రస్ట్ ముస్లింల మీద విద్వేషం గురించి ఇచ్చిన నివేదికలో, ఇస్లాంను మార్పులేని ఒకే ముద్దగా చూడడాన్ని, లోపల భిన్నాభిప్రాయాలున్న మతంగా చూసి విభేదించడాన్ని విడదీసి చెప్పారు. 2018లో అక్కడి ఎంపీల బృందమొకటి ఈ విద్వేషం ఒక రకమైన జాతి వివక్షేనని నిర్వచించింది. ఆ నిర్వచనం మత విమర్శకు అడ్డొస్తుందని అభ్యంతరాలు లేచి, ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిర్వచనాల మీద నాకంత ఆసక్తి లేదు. 1997 నాటి ఆ విభజన మాత్రం మా కోర్టు వరండాకూ పనికొస్తుంది. నాతో వాదించేవాడు, నా మతంలో నాలాంటి మనిషి కూడా ఉందని ఒప్పుకుంటున్నాడా? ఒప్పుకుంటే ఎంతసేపైనా వాదించుకుందాం. “మీరు ముస్లింలా ఉండరు మేడమ్” అని మెచ్చుకున్నాడంటే, ఒప్పుకోనట్టే.

మన కోర్టుల్లో ఈమధ్య వచ్చిన రెండు తీర్పులు నాకు రోజూ పనికొస్తున్నాయి. హైదరాబాదుకు చెందిన ఒక దంపతుల కేసు, మహమ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు మధ్యంతర మనోవర్తి ఇమ్మంటే, హైకోర్టు 10 వేలు చేసింది. 1986 చట్టం ఉండగా 125వ సెక్షన్ వర్తించదని భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2024 జులై 10న సుప్రీంకోర్టు, ఆ సెక్షన్ తలాక్ పొందిన ముస్లిం స్త్రీకీ వర్తిస్తుందని తేల్చిచెప్పింది. షాబానో గెలిచి పోగొట్టుకున్నది దాదాపు నలభై ఏళ్ల తర్వాత నిలిచింది. ఊరేగింపులు జరగలేదు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా, అంటే భార్య తానే కోరే విడాకులు, అడగడం ఆమె హక్కనీ, దానికి భర్త ఒప్పుకోలు అక్కర్లేదనీ చెప్పింది. “మీ ఆయన సంతకం తే” అంటూ ఆడవాళ్లను ఏళ్ల తరబడి తిప్పిన పెద్దల ముందు నేను ఇప్పుడు ఆ తీర్పు ప్రతి పెడుతున్నాను.

ఇంకా మాట్లాడాల్సింది వారసత్వం. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు అన్న నియమం ఖురాన్‌లోనే ఉంది కాబట్టి తలాక్ కంటే ఇది కష్టమైన చర్చ. ఏడో శతాబ్దపు అరేబియాలో కూతురికి ఆ ఒక్క పాలు దక్కడమే పెద్ద మార్పని నేను ఒప్పుకుంటాను. కాకపోతే, అమ్మానాన్నలను చివరిదాకా చూసుకున్న ముస్లిం కూతుళ్లు ఇవాళ నా ఎదుట కూర్చుని సగం వాటా ఎందుకని అడుగుతున్నారు. ఇది సమయం కాదని పెద్దలంటారు. తండ్రి బతికుండగానే కూతురి పేర సమాన వాటాకు దానపత్రం రాసి, స్వాధీనం కూడా అప్పగిస్తే మన చట్టంలో చెల్లుతుంది. మతం కూడా దానికి అడ్డు చెప్పదు. ఆ పత్రం ఎలా రాయాలో నేను మహిళా సమావేశాల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ చెబుతున్నాను. హిందూ స్నేహితులు, క్రైస్తవ స్నేహితులు కూడా వచ్చి ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్ల ఇళ్లలో కూతుళ్ల వాటా ఏమైందో కూడా అక్కడే చెప్పుకుంటున్నారు.